ఆడపిల్ల బడి దారి – పెద్దల భయం

(గ్రామ, మండల స్థాయి మహిళా కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లలు బడికి నడిచి వెళ్లటం, సైకిల్ మీద వెళ్లటం, దాని మీద తల్లిదండ్రుల ఆలోచన – ఈ విషయం మీద మాట్లాడమని నిర్వాహకులు నన్ను అడిగారు. వరకట్నం, గృహహింస, కూలిరేట్లు, బెల్టుషాపులు ఇన్ని సమస్యలు మన ముందు వుండగా బడికి ఎలా వెళ్లాలన్నది కూడా ఒక చర్చనీయాంశమేనా అని మీలో కొందరికి అనిపించవచ్చు. కానీ మీరు పనిచేసే ఊళ్లలో చదువు మానేసిన ఆడపిల్లల పేర్లు ఒక కాగితం మీద రాసుకుని, ఒక్కొక్కరు ఏ తరగతి తరవాత మానేశారో పక్కన రాసి చూడండి. అయిదో తరగతి, ఏడో తరగతి, పదో తరగతి – ఈ మూడు చోట్లా పేర్లు ఎక్కువగా పోగవుతాయి. ఈ మూడూ బడి మారే చోట్లు. ఊళ్లో వున్న చిన్నబడి అయిపోయి పక్క ఊరి బడికి, అక్కడినించి హైస్కూలుకు, ఆ తరవాత మండల కేంద్రంలోనో పట్నంలోనో వున్న జూనియర్ కాలేజీకి వెళ్లాలి. అంటే బడి మారిన ప్రతిసారీ దారి పొడుగవుతుంది. దారి పొడుగయ్యే వయసూ, పిల్ల ఎదిగే వయసూ ఒకటే. చదువు అక్కడ తెగుతుంది.

మనం ఇంటింటికీ తిరిగి చదువు ప్రాధాన్యం గురించి చెబుతూ వుంటాం. ముప్ఫై ఏళ్ల క్రితం ఆ అవసరం వుండేది. ఇవాళ ఆ మాట తల్లులకు కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. "చదువొద్దని ఎవరన్నారమ్మా, దారి మంచిది కాదు" అంటుంది కోస్తాలో తల్లి. "సదువు వద్దంటలేమక్కా, తొవ్వే మంచిగ లేదు" అంటుంది తెలంగాణ తండాలో తల్లి. మాట తీరు వేరైనా చెప్పే సంగతి ఒకటే. దానికి మన దగ్గర సమాధానం లేదు కాబట్టి మళ్లీ చదువు గొప్పతనం గురించే మాట్లాడి వచ్చేస్తున్నాం. ఆమె చెప్పింది దారి గురించి కదా, మరి దారి గురించే మాట్లాడదాం.

దారి మంచిది కాదంటే ఏమిటి? ఆ ఒక్క మాటలో నాలుగు భయాలు కలిసి వుంటాయి. వాటిని విడదీసి చూడకపోతే మనం ఏం చెప్పినా తల్లిదండ్రులకు ఎక్కదు.

మొదటిది వాహనాల భయం. ఇది అక్షరాలా నిజమైన భయం. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క. అందులో 32,825 మంది నడిచి వెళ్లేవాళ్లు. అంటే దాదాపు ప్రతి అయిదుగురిలో ఒకరు. ఒకప్పుడు ఎడ్లబండ్లు తిరిగిన రోడ్డు మీద ఇప్పుడు ఇసుక లారీలు, టిప్పర్లు తిరుగుతున్నాయి. రోడ్డు వెడల్పు చేస్తే లారీల వేగం పెరుగుతుంది తప్ప పిల్లలు నడిచేందుకు పక్కన జాగా మిగలదు. పక్కన వున్న కాస్త మట్టిదారినీ కంపచెట్లు మూసేస్తాయి. నాలుగు వరసల రోడ్డు ఊరినీ బడినీ విడదీస్తే పిల్లలు డివైడర్ దాటి పరిగెత్తాలి.

రెండోది మగవాళ్ల భయం. కల్వర్టు మీద కూర్చుని కామెంట్లు చేసేవాళ్లు, బండి మీద పక్కనే నెమ్మదిగా వచ్చేవాళ్లు, లిఫ్ట్ ఇస్తామనేవాళ్లు, బెల్టుషాపు ముందు తాగి నిలబడేవాళ్లు. ఇదీ నిజమైన భయమే. మనలో ఎవరికి తెలియదు?

మూడోది జనం మాటల భయం. "ఫలానావాళ్ల పిల్ల ఒక్కతే పోతోంది", "ఎవరితోనో మాట్లాడుతోంది" అన్న మాట. ఏమీ జరగనక్కరలేదు, జరిగిందని ఎవరో అంటే చాలు. తండ్రి తలెత్తుకు తిరగలేనంటాడు. తల్లిని పెంపకం సరిగ్గా లేదంటారు.

నాలుగోది పైకి చెప్పని భయం. పిల్ల తనంతట తాను ఎవరినైనా ఇష్టపడుతుందేమోనన్న భయం. ముఖ్యంగా కులం దాటి ఇష్టపడుతుందేమోనని. అలాంటి ఇళ్లలో దారి మీద ఆంక్ష పెళ్లి మీద ఆంక్షకు మొదటి మెట్టు. దళితవాడ పిల్లల విషయంలో ఇది తిరగబడుతుంది. వాళ్లు బడికి పోవాలంటే పెద్దకులాల వీధి మీదుగా పోవాలి. అక్కడ వాళ్లను పలకరించే తీరు వేరు. ఏదన్నా జరిగితే ఎవరికి చెప్పుకోవాలో తెలియని తల్లిదండ్రులు వాళ్లు.

ఈ నాలుగింటిలో మొదటి రెండూ రోడ్డుకూ, మగవాళ్ల ప్రవర్తనకూ సంబంధించినవి. చివరి రెండూ పితృస్వామ్యానికీ, కులానికీ సంబంధించినవి. కానీ ఇంట్లో ఈ నాలుగూ కలిపి "రోజులు బాగోలేవు" అన్న ఒక్క మాటగా బయటికొస్తాయి. నాలుగింటికీ ఒకటే మందు వేస్తారు – పిల్లను ఆపటం.

భయం నిజంగా రోడ్డు గురించే అయితే కొడుకు విషయంలో కూడా అంతే వుండాలి కదా? రోడ్డు ప్రమాదాల్లో చనిపోయేవాళ్లలో అత్యధికులు మగవాళ్లే. అయినా పదిహేనేళ్ల కొడుకు చేతికి మోటార్ సైకిల్ తాళం ఇచ్చే తండ్రులు ప్రతి ఊళ్లోనూ వున్నారు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకో, బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా అని పెట్టారు. అయినా తాళాలు చేతులు మారుతూనే వున్నాయి. అదే ఇంట్లో అదే వయసు కూతురికి సైకిల్ కొనాలంటే మాత్రం రోడ్డు ప్రమాదకరంగా కనిపిస్తుంది. ఈ తేడాను తల్లిదండ్రుల ముందు పెట్టాలి. నిందిస్తూ పెట్టకూడదు. "అన్నా, నీ భయంలో రోడ్డు వాటా ఎంత, ఊరి మాట వాటా ఎంత?" అని అడిగితే చాలామంది ఆలోచనలో పడతారు.

సైకిల్ సంగతి విడిగా చెప్పుకోవాలి. మగపిల్లలు సైకిల్ ఎలా నేర్చుకున్నారో మనకు తెలుసు. గంటకింత అని అద్దెకు తెచ్చుకుని, సీటు అందకపోతే గొట్టం కింద నించి కాలు దూర్చి తొక్కి, మోకాళ్లు చిట్లించుకుని నేర్చుకున్నారు. పడితే ఎవరూ తిట్టలేదు. ఆడపిల్ల పడితే "కాలో చెయ్యో విరిగితే పెళ్లెలా అవుతుంది" అంటారు. పెద్దమనిషి అయ్యాక సైకిల్ తొక్కితే కన్నెపొర చిరుగుతుందని, గర్భసంచికి మంచిది కాదని చెప్పే అమ్మమ్మలు ఇప్పటికీ వున్నారు. గర్భసంచికీ సైకిల్‌కీ సంబంధం లేదు. కన్నెపొర విషయానికొస్తే అది అందరిలో ఒకేలా వుండదు, దాన్నిబట్టి ఎవరి నడవడికనూ చెప్పలేమని వైద్యశాస్త్రం ఎప్పుడో తేల్చింది. ఈ మాట మనం సిగ్గుపడకుండా, తల్లులు కూర్చున్న చోట విడమరిచి చెప్పాలి. మనం చెప్పకపోతే అమ్మమ్మ మాటే నిలుస్తుంది.

ఇంకొక చిన్న విషయం. చాలామంది తల్లులకు సైకిల్ రాదు. తనకు రాని పనిని కూతురు చేస్తుంటే అందులో ఏది ప్రమాదమో, ఏది కాదో ఆమెకు అంచనా వుండదు. కాబట్టి మొత్తం ప్రమాదంగానే కనిపిస్తుంది. తల్లులు నేర్చుకున్న చోట ఏం జరిగిందో కాసేపట్లో చెబుతాను.

ఇప్పుడు ఈ ప్రసంగంలో ముఖ్యమైన మాట. దారిలో ఏదన్నా జరిగితే ఆడపిల్ల ఇంట్లో చెబుతుందా? చాలాసార్లు చెప్పదు. ఎందుకు చెప్పదు? చెబితే ఏమవుతుందో తనకు తెలుసు. ఎవడో కుర్రాడు వెంటపడుతున్నాడని చెబితే, మర్నాడు వాడు మామూలుగానే కల్వర్టు మీద కూర్చుంటాడు, తను మాత్రం ఇంట్లో కూర్చుంటుంది. వేధించినవాడి తిరుగుడు ఆగదు, వేధింపుకు గురైన పిల్ల చదువు ఆగుతుంది. అక్క విషయంలో అలా జరగటం చెల్లెలు చూసి వుంటుంది. అందుకని తోటి ఆడపిల్లలంతా ఒక ఒప్పందానికి వస్తారు – ఇంట్లో చెప్పొద్దని. దారి మార్చుకుంటారు, గుంపుగా పోతారు, తలొంచుకుని నడుస్తారు, ఎంత మాటన్నా భరిస్తారు. చదువు కోసం వాళ్లు ఇచ్చే ధర ఇది.

ఈ మౌనం చాలా ప్రమాదం. చిన్న వేధింపు దగ్గరే నోరు విప్పగలిగితే ఆగిపోయేది, మౌనం వల్ల పెద్దదవుతుంది. కూతురిని కాపాడుకోవాలని పెట్టిన ఆంక్ష, కూతురి నోరు మూయించి, వేధించేవాడికి రక్షణగా మారుతోంది. తల్లిదండ్రులకు మనం చెప్పాల్సిన మొదటి మాట ఇదే అని నా అభిప్రాయం. "నీ కూతురు నీకు చెబితే చదువు మాన్పించనని ఈ రోజే దానికి మాటివ్వు" – ఇంతకన్నా పెద్ద రక్షణ ఏ తల్లీ తండ్రీ ఇవ్వలేరు.

హాజీపూర్ మీకు గుర్తుండే వుంటుంది. యాదాద్రి భువనగిరి జిల్లా బొమ్మలరామారం మండలంలో చిన్న ఊరు. 2019 ఏప్రిల్‌లో బడి నించి ఇంటికొస్తున్న పద్నాలుగేళ్ల పిల్ల కనిపించకుండా పోయింది. శవం పాడుబడ్డ బావిలో దొరికింది. తీగ లాగితే, అంతకు ముందు కనిపించకుండా పోయిన మరో ఇద్దరు ఆడపిల్లలు కూడా అలాగే హత్యకు గురయ్యారని తేలింది. నేరస్థుడు ఆ ఊరివాడే. ఇంటి దగ్గర దింపుతానని బండి ఎక్కించుకున్నాడు. 2020 ఫిబ్రవరిలో నల్లగొండ కోర్టు అతనికి మరణశిక్ష వేసింది.

శిక్ష గురించి పత్రికలు చాలా రాశాయి. నేను దారి గురించి మాట్లాడతాను. ఆ ఊరికి సరైన బస్సు లేదు. బస్సు దిగిన చోటినించి పిల్లలు నడిచిపోవాలి, లేదా ఆ దారినపోయే తెలిసినవాళ్ల బండి ఎక్కాలి. ఎండలో నడిచే పిల్లకు తెలిసిన మనిషి ఆపి ఎక్కమంటే ఎక్కకుండా వుంటుందా? మొదట కనిపించకుండా పోయిన పిల్లల విషయంలో గట్టిగా వెతక్కపోవటానికి ఎవరితోనో వెళ్లిపోయి వుంటారన్న అనుమానం కూడా ఒక కారణమని అప్పట్లో విమర్శ వచ్చింది. ఇందాక నేను చెప్పిన నాలుగో భయం ఎంతపని చేస్తుందో చూడండి. ఆ ఘోరం తరవాత ఊరివాళ్లు బస్సు కావాలన్నారు, వాగు మీద వంతెన కావాలన్నారు. కూతుళ్లను పోగొట్టుకున్న ఊరు బస్సునూ వంతెననూ ఆడపిల్లల రక్షణగా చూసింది. ఆ చూపు మనకు రావాలి.

ప్రభుత్వం ఎలా చూస్తుంది? 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర వెటర్నరీ డాక్టరు మీద అత్యాచారం, హత్య జరిగిన తరవాత, ఆర్టీసీలో మహిళా ఉద్యోగులకు రాత్రి ఎనిమిది దాటాక డ్యూటీలు వేయొద్దని అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి ఆదేశించారు. మంచి ఉద్దేశంతోనే కావచ్చు. కానీ ఇంట్లో తండ్రి చేసేదీ ఇదే. ప్రమాదం దారిలో వుంటే ఆడదాన్ని దారి నించి తప్పించటం. దారిని బాగుచేసే ఖర్చు కన్నా ఆడదాన్ని ఇంట్లో వుంచే ఖర్చు ఎప్పుడూ తక్కువగానే కనిపిస్తుంది, ఆ ఖర్చు ఆమె భరిస్తుంది కాబట్టి.

పట్నాల్లో ఇంకో రకం. హైదరాబాదులో, విజయవాడలో, విశాఖలో కాస్త కలిగిన ఇళ్ల పిల్లలు అరకిలోమీటరు దూరంలో వున్న బడికి కూడా నడవరు. తల్లి స్కూటర్ మీద దింపాలి, మళ్లీ తీసుకురావాలి. బడి గేటు ముందు గుమికూడిన ఆ బండ్లే రోడ్డును ప్రమాదకరం చేస్తాయి. ఆ బండ్లకు భయపడి ఇంకొందరు నడక మాన్పించి బండి కొంటారు. దింపే పని ఎక్కువగా తల్లి మీద పడుతుంది. ఉదయం ఎనిమిదిన్నరకు, సాయంత్రం మూడున్నరకు బడి దగ్గర వుండాల్సిన మనిషికి ఏ ఉద్యోగం కుదురుతుంది? పిల్లల రక్షణ పేరుతో తల్లి సంపాదన ఆగిపోయిన ఇళ్లు మన చుట్టూ ఎన్నో వున్నాయి. దాన్ని ఎవరూ లెక్కగట్టరు.

బండి ఎక్కిస్తే రక్షణ వచ్చినట్టేనా? ఎనిమిదిమంది పట్టే ఆటోలో పదిహేనుమందిని కూరి, డ్రైవర్ పక్కన ఇద్దర్ని కూర్చోబెట్టి తీసుకుపోవటం మనం రోజూ చూస్తున్నాం. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని రైల్వే గేటులో బడి బస్సును రైలు ఢీకొని పదిమందికి పైగా పిల్లలు చనిపోయారు. అందరూ ఫీజులు కట్టి, క్షేమంగా వెళ్తారని బస్సెక్కించిన పిల్లలే. పైగా ఆటోకీ బస్సుకీ నెలనెలా డబ్బు కావాలి. ఇద్దరు పిల్లలున్న కూలి కుటుంబం ఒక్కరికే కట్టగలిగితే ఆ ఒక్కరు ఎవరవుతారో మీకు చెప్పనక్కరలేదు.

మరి మార్గం లేదా? వుంది. భయాన్ని ఇంట్లో దాచుకోకుండా అందరి సమస్యగా చేసినచోట మార్పు వచ్చింది.

తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లా ఉదాహరణ మనలో పెద్దవాళ్లకు తెలుసు. 1991 – 92లో అక్కడ అక్షరాస్యతా ఉద్యమం జరిగింది. కలెక్టర్ షీలారాణి చుంకత్ చొరవతో అక్షరాలతో పాటు సైకిల్ కూడా నేర్పారు. కూలి తల్లులు, క్వారీల్లో పనిచేసేవాళ్లు, అంగన్‌వాడీ కార్యకర్తలు వేలసంఖ్యలో నేర్చుకున్నారు. లేడీస్ సైకిళ్లు దొరక్కపోతే మగవాళ్ల సైకిళ్లే తొక్కారు. లక్షమందికి పైగా గ్రామీణ స్త్రీలు సైకిల్ పట్టారని ఆ జిల్లాలో తిరిగిన పాత్రికేయుడు పి. సాయినాథ్ రాశారు. ఒకరిద్దరు తొక్కితే ఊరు నవ్వుతుంది, వందమంది తొక్కితే ఊరు అలవాటు పడుతుంది. మూడో భయం, అంటే జనం మాటల భయం, ఇలాగే పోతుంది. తల్లి తొక్కిన ఇంట్లో కూతురికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

రెండో ఉదాహరణ బీహార్. 2006లో అక్కడి ప్రభుత్వం తొమ్మిదో తరగతిలో చేరిన ఆడపిల్లలకు సైకిల్ కొనుక్కోవటానికి డబ్బు ఇవ్వటం మొదలుపెట్టింది. కార్తీక్ మురళీధరన్, నిషీత్ ప్రకాశ్ అనే ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు దాని ఫలితాన్ని పరిశీలించి 2017లో ప్రచురించారు. ఉన్నత పాఠశాల వయసు ఆడపిల్లల చేరిక 32 శాతం పెరిగింది. ఆడ, మగ పిల్లల చేరికలో వున్న తేడా 40 శాతం తగ్గింది. బడి మూడు కిలోమీటర్లు, అంతకన్నా దూరం వున్న ఊళ్లలో ఫలితం ఎక్కువ కనిపించింది. అంటే తల్లిదండ్రులకు కావలసింది చదువు మీద ఉపన్యాసం కాదని, దూరానికి పరిష్కారమని అర్థమవుతోంది. ఒకే తరగతి ఆడపిల్లలందరికీ ఒకేసారి సైకిల్ రావటంతో వాళ్లు గుంపుగా వెళ్లారు. ఆ గుంపే వాళ్లకు ధైర్యం.

మన దగ్గర కూడా ఆంధ్రప్రదేశ్‌లో 2014 – 19 మధ్య వున్న ప్రభుత్వం బడికొస్తా పేరుతో ప్రభుత్వ హైస్కూళ్ల ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చింది. సైకిల్ ఇచ్చినంత మాత్రాన పని అయిపోదు. అది అన్న వాడుకుంటున్నాడా, పిల్ల వాడుకుంటోందా? పంచరైతే వేసేవాళ్లు ఊళ్లో వున్నారా? నేర్పినవాళ్లు ఎవరు? బడిలో పెట్టుకునేందుకు నీడ వుందా? ఇవి చూడని పథకం ఫొటోలతోనే ముగుస్తుంది.

బస్సు విషయమూ అంతే. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నించి మహాలక్ష్మి పథకం కింద, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నించి స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. ఇది మంచి విజయం. కాలేజీకి వెళ్లే పిల్లలకు నెలకింత అని మిగులుతోంది. కానీ బస్సు రాని ఊరికి ఉచిత టికెట్ ఏం చేస్తుంది? బడి నాలుగున్నరకు వదిలితే బస్సు మూడింటికీ, ఆరున్నరకూ వస్తే ఆ రెండు గంటలు పిల్ల ఎక్కడ వుండాలి? మన సంఘాలు డిపో మేనేజర్ దగ్గరికి వెళ్లి అడగాల్సింది బస్సు వేళల గురించి.

చట్టం ఏమంటోంది? 2009 విద్యాహక్కు చట్టం కింద 2010లో వచ్చిన కేంద్ర నమూనా నియమాలు అయిదో తరగతి వరకు ఒక కిలోమీటరు, ఎనిమిది వరకు మూడు కిలోమీటర్ల నడక దూరంలో బడి వుండాలన్నాయి. అందులోనే ఇంకో మాట వుంది. వరదలు, రోడ్డు లేకపోవటం, ఇంటినించి బడికి వచ్చే దారిలో చిన్నపిల్లలకు ప్రమాదం – ఇలాంటివి వున్నచోట ఆ దూరాన్ని ఇంకా తగ్గించి, ప్రమాదం తప్పేలా బడి పెట్టాలి. అంటే దారి కూడా విద్యాహక్కులో భాగమేనని నియమం ఒప్పుకుంది. ఈ మాటను మన వినతిపత్రాల్లో వాడుకోవాలి. అయితే ఈ చట్టం పద్నాలుగేళ్లకు, ఎనిమిదో తరగతికి ఆగిపోతుంది. ఆడపిల్ల దారి అసలు కష్టమయ్యే తొమ్మిది, పది తరగతులు దాని బయట వున్నాయి. ఈ లోటును పూడ్చాలని కూడా మనం అడగాలి.

ఫైలు మీద సంతకంతో దారి ఎలా పొడుగవుతుందో కూడా మనం చూశాం. 2022 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 117వ నెంబరు జీవో తెచ్చి, చాలాచోట్ల మూడు, నాలుగు, అయిదు తరగతులను ఊళ్లో బడి నించి తీసి హైస్కూళ్లలో కలిపింది. ఎనిమిదేళ్ల పిల్లలు హైవే దాటి, కాలవ దాటి పోవాల్సి వస్తుందని తల్లిదండ్రులు బడుల ముందు ధర్నాలు చేశారు. ఆ ధర్నాల్లో తల్లులే ముందున్నారు. 2025లో ఆ జీవో రద్దయింది. రద్దుకు కారణాలు ఏవైనా, మనం గమనించాల్సింది ఒకటుంది. ఎవరికి వాళ్లు ఇంట్లో భయపడితే పిల్ల బడి మానేస్తుంది. అందరూ కలిసి అదే భయాన్ని రోడ్డు మీద చెబితే అది డిమాండ్ అవుతుంది. భయపడే తల్లిదండ్రులను వెనకబడినవాళ్లుగా చూడటం మనం మానుకోవాలి. వాళ్లే ఈ పనిలో మన బలం.

ఇక మనం ఏం చేయగలం? రేపు ఊళ్లకు వెళ్లాక చేయదగిన పనులు కొన్ని చెబుతాను.

ఒకటి. దారి నడక. బడి వదిలే వేళకు తల్లులను, కుదిరితే తండ్రులను కూడా తీసుకుని, పిల్లలతో కలిసి ఇంటిదాకా నడవండి. మధ్యాహ్నం పన్నెండింటికి నడిస్తే ఏమీ తెలియదు. పిల్లలు నడిచే వేళకే నడవాలి. దీపం లేని చోటు, కంప పెరిగిన చోటు, బెల్టుషాపు, మూతలేని బావి, కాలవగట్టు కోసుకుపోయిన చోటు, లారీలు మలుపు తిరిగే చోటు – ఒక కాగితం మీద బొమ్మ గీసి గుర్తులు పెట్టండి. తల్లికి ఇంతకాలం పేరులేని భయంగా వున్నది ఆ కాగితం మీద ఆరేడు గుర్తులుగా మారుతుంది. ఒక్కొక్క గుర్తుకు బాధ్యులైన మనిషి ఒకరు వుంటారు. దీపానికి, కంపకు పంచాయతీ. రోడ్డు మలుపుకు రోడ్లు భవనాల శాఖ. బెల్టుషాపుకు ఎక్సైజ్ శాఖ. బావికి దాని యజమాని. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నించి మొదలైన సారా వ్యతిరేక పోరాటం నడిపిన స్త్రీల వారసులం మనం. బడి దారిలోని ఒక బెల్టుషాపు తీయించలేమా?

రెండు. ఆడపిల్లలతో విడిగా మాట్లాడండి. తల్లిదండ్రులు, టీచర్లు లేకుండా కూర్చోబెట్టి, వాళ్ల గుర్తులు వాళ్లనే పెట్టమనండి. పెద్దలు గీసిన బొమ్మకూ వాళ్లు గీసిన బొమ్మకూ తేడా వుంటుంది. పిల్లలు చెప్పిన విషయాన్ని పేర్లతో సహా ఇంటికి మోయకండి. మోస్తే ఆ పిల్ల చదువు మన వల్లే ఆగిపోతుంది. అయితే తీవ్రమైన నేరం జరిగితే దాచకూడదు. లైంగిక దాడుల నించి పిల్లల్ని కాపాడే 2012 నాటి పోక్సో చట్టం, తెలిసినవాళ్లు ఫిర్యాదు చేసి తీరాలంటోంది. ఆ విషయం పిల్లలకు మాటలు మొదలుపెట్టే ముందే చెప్పాలి. పిల్లల సహాయానికి 1098 నెంబరు వుందని కూడా చెప్పండి.

మూడు. తల్లిదండ్రుల దగ్గర మాట తీసుకోండి. సంఘం సమావేశంలో, అందరి ముందు – "దారిలో ఏం జరిగినా మా పిల్ల చెబితే చదువు మాన్పించం" అని. ఒక ఇంటికి కష్టంగా వుండే మాట నలభై ఇళ్లు కలిసి ఇస్తే తేలికవుతుంది.

నాలుగు. వేధించేవాళ్ల ఇళ్లకు కూడా వెళ్లాలి. వెంటపడటం నేరమని 2013లోనే చట్టం వచ్చింది. 2024 జూలై 1 నించి అమల్లో వున్న భారతీయ న్యాయ సంహితలో అది 78వ సెక్షన్. పోలీసుల దాకా వెళ్లేముందు ఆ కుర్రాడి తల్లిదండ్రులను సంఘంలోకి పిలిచి కూర్చోబెట్టినా చాలాసార్లు పని జరుగుతుంది. ఇంతవరకూ మనం ఆడపిల్లల తల్లిదండ్రులకే జాగ్రత్తలు చెప్పాం. మగపిల్లల తల్లిదండ్రులకు ఎప్పుడన్నా సమావేశం పెట్టామా?

అయిదు. గుంపు కట్టించటం. ఒకే వీధి పిల్లలు ఒకే వేళకు బయల్దేరేలా, చిన్నపిల్లలను పెద్దపిల్లలు కలుపుకుని వెళ్లేలా. సైకిల్ వున్నవాళ్లు లేనివాళ్లకు సెలవురోజుల్లో నేర్పేలా. అందులో దళితవాడ పిల్లలు, తండా పిల్లలు విడిగా మిగిలిపోకుండా చూడాలి. మనం కూడా నేర్చుకుందాం. ఇక్కడ కూర్చున్న మనలో సైకిల్ వచ్చినవాళ్లు ఎంతమంది?

ఇందులో ఒక జాగ్రత్త వుంది. దారి పూర్తిగా బాగుపడేదాకా పిల్లలను ఆపమని మనం చెప్పకూడదు, ఏమీ భయంలేదు పంపండి అని కూడా చెప్పకూడదు. జరగరానిది జరిగితే ఆ తల్లికి మనం జవాబు చెప్పలేం. భయం వుంది, దానితోపాటే వెళ్దాం, వెళ్తూనే దారిని మారుద్దాం అని చెప్పాలి.

బడిలో సీటు, పుస్తకాలు, మధ్యాహ్న భోజనం, యూనిఫాం – ఇవన్నీ హక్కులని పోరాడి సాధించుకున్నాం. ఇంటి గడపకూ బడి గేటుకూ మధ్య వున్న ఆ మూడు కిలోమీటర్లు మాత్రం ఎవరి పిల్లను వాళ్లు కాపాడుకోవాల్సిన జాగాగా మిగిలిపోయింది. దాన్ని కూడా హక్కుల జాబితాలో చేర్చుకుందాం. వచ్చే శిబిరానికి ప్రతి మండలం నించీ కనీసం ఒక దారి బొమ్మ తీసుకురావాలని, అందులో ఎన్ని గుర్తులు చెరిపేయగలిగామో చెప్పుకోవాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.